దీవిలో శని, ఆదివారాలు

శుక్రవారం రాత్రి తొమ్మిది దాటాక ఎల్.బి.నగర్ చౌరస్తాలో ఓ అరగంట నిలబడి చూడండి. చేతిసంచులు, పిల్లల నీళ్ళసీసాలు, ఊళ్ళో అమ్మమ్మ కోసం కట్టించుకున్న మిఠాయిపొట్లాలు పట్టుకుని విజయవాడ వైపు బస్సుల కోసం జనం తోసుకుంటూ వుంటారు. దిల్‌సుఖ్‌నగర్ చుట్టుపక్కల కాపురాలు పెట్టుకున్న మాబోటి వాళ్ళలో చాలామందికి సొంతవూరు ఆ రోడ్డు చివర ఎక్కడో వుంటుంది. శనివారం పొద్దున దిగి, ఆదివారం రాత్రి మళ్ళీ ఎక్కి, సోమవారం కళ్ళు నులుముకుంటూ ఆఫీసుకు పోవడం వీళ్ళకు అలవాటు. బస్సు వచ్చేలోపల ప్రతివాడూ జేబులోంచి ఫోను తీసి వాతావరణం చూస్తాడు. సూర్యుడి బొమ్మ వుంటే సరే, చినుకుల బొమ్మ వుంటే గొడుగు కోసం సంచి తడుముకోవడం. పూర్వం పంచాంగం చేసిన పని ఇప్పుడు ఆ బొమ్మ చేస్తోంది. పంచాంగాన్ని అడిగినన్ని ఎదురుప్రశ్నలు మాత్రం దాన్ని ఎవరూ అడగరు.

మొన్న కార్తీకమాసంలో మా బావమరిదికి ఒక ఆలోచన పుట్టింది. శని, ఆదివారాలు కలిసొచ్చాయి, అందరం హంసలదీవి పోయి సాగరసంగమంలో స్నానం చేసి, వేణుగోపాలస్వామిని చూసి వద్దామన్నాడు. ఫోనులో రెండు రోజులూ సూర్యుడే. పిల్లలు అప్పుడే బట్టలు సర్దడం మొదలుపెట్టారు. వంటింటి గడపలో కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్న మా అత్తగారు తల ఎత్తకుండా అడిగారు:

"ఎండ సంగతి చెప్పారు, బాగానే వుంది. సముద్రం ఏమంటోందిట?"

"అదేమిటమ్మా, ఆకాశం బాగుంటే సముద్రం బాగుండదూ?" అన్నాడు మా బావమరిది.

"నువ్వు పుట్టకముందు సంగతి నీకెలా తెలుస్తుందిరా," అని ఆవిడ నావైపు తిరిగి, "అల్లుడుగారూ, కార్తీకంలో శనివారం ఆ పక్కకు పోయేటప్పుడు నాలుగు చోట్ల కనుక్కుని గాని పోకండి," అన్నారు.

ఆవిడ మాట పక్కన పెట్టడానికి వీల్లేనిది. కారణం చెప్పాలంటే ముందు ఆ సీమ సంగతి చెప్పాలి.

కృష్ణానది విజయవాడ దాటి కిందికి పోయి పోయి పులిగడ్డ దగ్గర రెండుగా చీలుతుంది. ఆ రెండు పాయలకూ సముద్రానికీ నడుమ చిక్కిన నేల దివిసీమ. అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు అందులోవే. పటం చూస్తే మూడువైపులా నీళ్ళున్న అసలైన దీవి. సంస్కృతపు ద్వీపం తెలుగులో దీవి అయి, ఆ దీవే దివిగా కురచబడింది. మా క్లాసులో ఏటా ఒకరిద్దరు పిల్లలు దివిసీమ అంటే స్వర్గసీమ అని రాసేస్తారు. ఆ పంటచేలు, ఆ కొబ్బరితోటలు చూస్తే కొట్టివేయడానికి నాకు కలం ఆడదు. ఆ పక్కనే శ్రీకాకుళం. ఆంధ్రవిష్ణువు కలలో కనిపించి తెలుగులో కావ్యం చెప్పమన్నాడని శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో చెప్పుకున్నది ఆ ఊరి గురించే. ఇంకొంచెం అవతల కూచిపూడి, మొవ్వ. ఇంత చదువూ ఆటా పాటా పండిన నేల సముద్రమట్టానికి మాత్రం ఎంతో ఎత్తున లేదు. ఉప్పుటేర్లూ మడ అడవులూ దాటితే అలే.

1977 నవంబరు 19 శనివారం. దీపావళి వెళ్ళి వారం దాటింది. వరిచేలు కోతకు వచ్చి వున్నాయి. మా అత్తగారికి అప్పుడు ఇరవై ఏళ్ళు, నాగాయలంక అవతల ఒక ఊరికి కాపురానికి వచ్చి ఏడాది. ఆవిడ తోడికోడలు ఇద్దరు పిల్లల్ని తీసుకుని గురువారం నాడు సముద్రం దగ్గరి పుట్టింటికి వెళ్ళింది. "ఆదివారం దాకా వుండి సోమవారం వచ్చేస్తా" నని చెప్పిందట.

అంతకు వారం ముందు, నవంబరు 12న, మరొక తుపాను తమిళనాడులో నాగపట్నం దగ్గర తీరం దాటి అక్కడ ఎంతో నష్టం చేసింది. అందరి చూపూ అటే. దాని వెనకే బంగాళాఖాతంలో ఇంకొకటి లేచి పడమటికి నడుస్తోంది. ఊళ్ళో కరణంగారింట్లో బ్యాటరీ రేడియో వుండేదట. "ముందు నెల్లూరు వైపన్నారు. తరవాత ఒంగోలు వైపన్నారు. మనకేం లెమ్మని పడుకున్నాం," అంటారు మా అత్తగారు. తుపాను మనసు మార్చుకుని ఉత్తరానికి వొంగి చీరాల ప్రాంతంలో తీరం ఎక్కింది. గాలి గంటకు రెండువందల కిలోమీటర్లు దాటిపోయింది. చీరాలకూ దివిసీమకూ చాలా దూరమే. అయినా సముద్రం వచ్చి పడింది దివిసీమ మీద. అయిదు మీటర్లు, అంటే మూడు నిలువుల నీరు, గోడలాగ లేచి పది కిలోమీటర్లకు పైగా లోపలికి వచ్చింది. సొర్లగొంది, పాలకాయతిప్ప వంటి ఊళ్ళు ఆ సాయంత్రంతో తుడిచిపెట్టుకుపోయాయి. అధికారుల లెక్కే పదివేలకు అటూయిటూగా వుంది. ఆ ప్రాంతం వాళ్ళెవరూ ఆ లెక్కతో తృప్తిపడరు.

మా అత్తగారివాళ్ళు కరణంగారి డాబా ఎక్కి బతికారు. మామగారి తండ్రి గొడ్ల పలుపులు కోసి వదిలిపెట్టారు. తెల్లవారేసరికి ఒక్క గేదె మాత్రం ఎక్కడో ఈదుకుంటూ వెనక్కి వచ్చిందట. బావినీళ్ళు ఉప్పన, చేలల్లో నీళ్ళు ఉప్పన. సోమవారం వస్తానన్న మనిషి సోమవారం రాలేదు, ఆ తరువాత ఏ వారమూ రాలేదు. పిల్లలూ దొరకలేదు. ఈ సంగతి మా అత్తగారు మాకు చెప్పింది మొత్తం మీద రెండే రెండుసార్లు. కానీ మాటల్లో తేదీలు చెప్పవలసి వస్తే ఆవిడ క్రీస్తుశకం వాడరు. ఉప్పెనకు ముందు, ఉప్పెనకు తరువాత, అంతే. ఆ మాటలోనే ఉప్పు వినిపిస్తుంది.

తీరం దాటింది చీరాల దగ్గరైతే నీళ్ళు దివిసీమ మీదికెందుకు వచ్చాయి? ఈ ప్రశ్న నేను పెద్దయ్యాక గాని అడగలేదు. సమాధానం మాత్రం తేలిక. భూమధ్యరేఖకు ఉత్తరాన తుపాను గాలి గడియారపు ముల్లుకు ఎదురుగా తిరుగుతుంది. తుపాను సముద్రం మీంచి మన తీరం వైపు నడిచి వస్తోందనుకోండి. నడిచేవాడికి ఎడమచేతి వైపు గాలి నేల మీంచి సముద్రంలోకి తోస్తుంది, కుడిచేతి వైపు సముద్రాన్ని నేల మీదికి తోస్తుంది. చీరాల వైపు వచ్చేవాడికి కుడిచేయి దివిసీమే. పైగా అక్కడ తీరం వంపు తిరిగి వుంటుంది, సముద్రం లోతు తక్కువ. తోసిన నీటికి పక్కలకు పోయే దారి లేక పైకి లేస్తుంది. అందుచేత "తుపాను ఫలానా ఊళ్ళో తీరం దాటుతుంది" అని విన్నప్పుడు ఆ ఊరినే చూసి ఊరుకోకూడదు. దానికి కుడిపక్క, నూరు కిలోమీటర్ల మేర, ఎవరున్నారో చూడాలి. బాపట్ల పేరు చెబితే భయపడవలసింది నాగాయలంక కూడా. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను సరిగ్గా బాపట్ల దగ్గరే తీరం దాటింది. ఆ రెండు రోజులూ మా ఇంట్లో టీవీ కట్టలేదు.

దివిసీమ పక్కనున్న బందరు 1864 నవంబరు 1 రాత్రి ఇటువంటి ఉప్పెనలోనే ముప్పైవేల మందిని పోగొట్టుకుంది. అంటే సముద్రం ముందుగానే ఒకసారి చెప్పింది. నూటపదమూడేళ్ళు జనం మరిచిపోవడానికి సరిపోయాయి.

1977 తరువాత మటుకు మరవలేదు. అవనిగడ్డ ప్రతినిధి, అప్పటి మంత్రి మండలి వెంకటకృష్ణారావుగారు ఆ బురదలో తిరిగి చేసిన సేవను ఆ సీమవాళ్ళు ఈనాటికీ చెప్పుకుంటారు. 1975లో హైదరాబాదులో మొదటి ప్రపంచ తెలుగు మహాసభలు జరిపించింది కూడా ఆయనే. మా తెలుగు పంతుళ్ళకు ఆయన అలా గుర్తు, దివిసీమకు ఇలా గుర్తు. ఎన్టీ రామారావు, అక్కినేని నాగేశ్వరరావు ఊరూరా తిరిగి జోలె పట్టారు. ఇవి కన్నీళ్ళు తుడిచిన పనులు. వాటికంటె ఎక్కువ ప్రాణాలు నిలబెట్టిన పని మరొకటి వుంది. అది తీరం వెంబడి కట్టిన తుపాను రక్షణ భవనాలు, ఊళ్ళు ఖాళీ చేయించే ఏర్పాట్లు. 1990 మే 9న కృష్ణ ముఖద్వారం దగ్గరే, దాదాపు అంతటి తుపానే మళ్ళీ వచ్చింది. ఈసారి లక్షకు పైగా జనాన్ని ముందే కదిలించారు. చనిపోయినవారు వెయ్యి లోపు. వెయ్యి అంటే చిన్న సంఖ్య అని నేను అనడం లేదు. కాని అదే సముద్రం, అదే నేల, అంతటి గాలి, పదమూడేళ్ళ తేడాలో పదోవంతు. ఈ లెక్కను బడిపుస్తకాల్లో ఎందుకు పెట్టరో నాకు అర్థం కాదు.

ఇక ఫోనులో సూర్యుడి బొమ్మ సంగతి. ఆ బొమ్మ మీ ఊరి మీద ఆ రోజు మబ్బుందా లేదా అన్నదే చెబుతుంది. సముద్రతీరానికి పోయేవాళ్ళకు అది చాలదు. 1977లో మనకు సొంత ఉపగ్రహం కన్ను లేదు. ఇన్‌శాట్‌లు 1982 తరువాతి మాట. ఇప్పుడు మచిలీపట్నంలోనే డాప్లర్ రాడారు వుంది. భారత వాతావరణ శాఖ ప్రతి గురువారం, రానున్న వారాల్లో సముద్రంలో వాయుగుండం పుట్టే అవకాశం ఎంత వుందో ఒక అంచనా ఇస్తుంది. శనివారం ప్రయాణం పెట్టుకున్నవాడికి గురువారం కంటె మంచిరోజు ఏముంది? ఆపైన రోజువారీ కబురు వుండనే వుంది. అందులో మాటలు వరసగా మెట్లు: అల్పపీడనం, ఆపైన వాయుగుండం, తీవ్ర వాయుగుండం. గాలి గంటకు 62 కిలోమీటర్లు చేరితే దానికి తుపానని పేరు. 89 చేరితే తీవ్ర తుపాను, 118 చేరితే అతి తీవ్ర తుపాను. వాయుగుండం అన్న మాట ఎవరు పుట్టించారోగాని, నూరు పేజీల శాస్త్రం వుంది అందులో. గాలి సుడి తిరిగే గుండం! చదువురాని జాలరికి కూడా బొమ్మ కట్టినట్టు తెలుస్తుంది. మన శాస్త్ర పరిభాషంతా ఇలా వుంటే నా ఉద్యోగం సగం తేలికయ్యేది.

తుపాను వస్తోందంటే కబురు నాలుగు విడతలుగా వస్తుంది. మూడు రోజుల ముందు ఒక మెలకువ, రెండు రోజుల ముందు జాగ్రత్త, ఒక రోజు ముందు హెచ్చరిక, తీరం చేరడానికి పన్నెండు గంటల ముందు మరొకటి, అది లోపలికి వచ్చాక ఏమవుతుందో కూడా చెబుతూ. ఓడరేవుల్లో ఎగరేసే ప్రమాద సూచికలు వేరు. అవి పదకొండు. ఒకటి, రెండు దూరంగా ఏదో వుందని. అయిదు మొదలు ఏడు వరకు ప్రమాదం, ఎనిమిది నుంచి పది వరకు మహాప్రమాదం. పది దాటాక ఇంకా పెద్ద ప్రమాదం ఏమిటని మా చిన్నవాడు అడిగాడు. పదకొండో నంబరు గాలి గురించి చెప్పేది కాదు. హెచ్చరించే కేంద్రంతో సంబంధం తెగిపోయింది, ఇక ఏ కబురూ రాదు అని దానికి అర్థం. వాడు చాలాసేపు మాట్లాడలేదు.

మా అత్తగారి ప్రశ్నకు జవాబు దొరికిన చోటు వింటే మీకు నవ్వు వస్తుంది. సముద్రం ఏమంటోందో చెప్పే ఆఫీసు సముద్రమే లేని మన హైదరాబాదులో వుంది. నిజాంపేట పక్కన ప్రగతినగర్‌లో. ఇన్‌కాయిస్ అంటారు, సముద్ర సమాచార కేంద్రం. ఏ తీరాన అల ఎంత ఎత్తున లేస్తుందో, దూరపు సముద్రంలో పుట్టిన ఉబ్బు ఎప్పుడు ఒడ్డుకు చేరుతుందో, చేపలవాళ్ళు వేటకు పోవచ్చో లేదో రోజూ చెబుతుంది. సునామీ హెచ్చరికల కేంద్రం కూడా 2007 నుంచి అక్కడే. 2004 డిసెంబరు 26 గుర్తుందా? అదీ ఆదివారమే, పున్నమి కూడా. ఆ ఉదయం మన తీరాన తుపానూ లేదు, వాయుగుండమూ లేదు. ఫోనులో బొమ్మలుండే రోజులైతే సూర్యుడే కనిపించేవాడు. ఆంధ్రతీరంలో నూరుమందికి పైగా పోయారు. ఆకాశం బాగుంటే సముద్రం బాగుంటుందన్న మా బావమరిది సూత్రం అక్కడ చెల్లలేదు.

ఆ శుక్రవారం చూస్తే దూరపు సముద్రంలో అల్పపీడనం ఒకటి వుంది, తీరాన అలలు పెద్దవిగా వుంటాయని కబురు. ప్రయాణం ఆపివేశాం. పిల్లలు ముఖాలు ముడుచుకున్నారు. ఆ శని, ఆదివారాలు దివిసీమలో చక్కటి ఎండ కాసిందని తరువాత తెలిసింది. దానికి మా బావమరిది ఇంకా నన్ను దెప్పుతున్నాడు. దెప్పనివ్వండి. మరుసటి పక్షం వెళ్ళి సంగమం చూసి వచ్చాం. మా అత్తగారు మాత్రం అవనిగడ్డలో చుట్టాలింటి దగ్గరే ఆగిపోయారు.

దీవి అనగానే మారిషస్ గుర్తుకు రాకుండా వుండదు. కోరంగి రేవు నుంచి ఓడలెక్కి చెరుకుతోటల్లో కూలికి పోయిన మన తెలుగువాళ్ళ మునిమనుమలు అక్కడ వున్నారు. ఉగాది అక్కడ ప్రభుత్వ సెలవు. మూడో ప్రపంచ తెలుగు మహాసభలు 1990లో జరిగింది ఆ దీవిలోనే. వాళ్ళకు తుపాను హెచ్చరికలు ఒకటి నుంచి నాలుగు వరకు తరగతులుగా వుంటాయి. మూడో తరగతి అన్నారంటే అంతా ఇంటికి పోయి తలుపులు వేసుకోవలసిందే. 2024 జనవరిలో బెలాల్ అనే తుపాను వచ్చింది. 15వ తేదీ సోమవారం పొద్దున ఇంకా రెండో తరగతే గదా అని జనం పనుల్లోకి వచ్చారు. ఆనక మూడో తరగతి ప్రకటించేసరికి పోర్ట్ లూయీ వీధుల్లో వరద. కార్లు కొట్టుకుపోయాయి. వాతావరణ శాఖ అధిపతి పదవి వదులుకోవలసి వచ్చింది. గాలిని కొలిచే తరగతులు వానను కొలవలేదన్నమాట. అన్నట్టు, వాళ్ళు భూమధ్యరేఖకు దక్షిణాన వున్నారు. అక్కడ సుడి గడియారపు ముల్లు వెంట తిరుగుతుంది. మనం కుడిచేతికి భయపడితే వాళ్ళు ఎడమచేతికి భయపడాలి.

సముద్రం లేదు గనుక మనకు ఈ గొడవ లేదని దిల్‌సుఖ్‌నగర్‌లో ఒకప్పుడు అనుకునేవాళ్ళం. 1908 సెప్టెంబరు 28న మూసీ అఫ్జల్‌గంజ్‌ను ముంచెత్తిన కథ తాతలనాటిది, ఆపైన గండిపేట, హిమాయత్‌సాగర్ కట్టారు, అయిపోయింది అనుకున్నాం. 2020 అక్టోబరు 13 పొద్దున ఒక తీవ్ర వాయుగుండం కాకినాడ దగ్గర తీరం దాటింది. మనకు ఎంతో దూరం. గాలి కూడా అంత పెద్దది కాదు. ఆ రాత్రికి దాని మబ్బు మన నెత్తిన వచ్చి నిలబడింది. ఘట్‌కేసర్ పరిసరాల్లో 30 సెంటీమీటర్లకు పైగా కురిసింది. సరూర్‌నగర్ చెరువు పొర్లింది. కోదండరాంనగర్, చైతన్యపురి వైపు వీధుల్లో ఇళ్ళన్నీ దీవులయ్యాయి. పాలపొట్లాలు పడవలో వచ్చాయి. కాకినాడ పేరు రేడియోలో వినగానే మా కాలనీలో ఎవరైనా చెరువు వైపు చూశారా? చూడలేదు. ఒక్క మా అత్తగారు మాత్రం ఆ సాయంత్రమే బియ్యం డబ్బా మేడమీదికి చేర్పించారు, అడిగితే కారణం చెప్పలేదు.

ఇప్పుడు మా పక్క వీధుల్లో ఇల్లు అద్దెకు చూసుకోవడానికి వచ్చేవాళ్ళు మంచినీళ్ళు రోజు విడిచి రోజు వస్తాయా అని అడగడానికి ముందే, ఇరవైలో నీళ్ళు ఎందాకా వచ్చాయి అని అడుగుతున్నారు. ఇంటివాళ్ళలో కొందరు గోడకు కొత్త రంగు వేయించేశారు. మా ఎదురింటాయన మాత్రం మెట్ల పక్కన గోడ మీద గీత అలాగే వుంచి, పక్కన తేదీ రాసిపెట్టారు. నా మోకాలి కంటె జానెడు పైన వుంది.